ఉల్లిపొట్టు రంగు

ప్రొద్దుటూరులో మా మ్యాచింగ్ సెంటరు
వెడల్పు ఏడడుగులు, లోతు పద్నాలుగు.
మూడు గోడలూ రుబియా తాన్లే,
నాలుగోది వీధి.

చీర తెచ్చినామె కొంగు పరిస్తే చాలు,
ఇరవై రెండేండ్లుగా నా చెయ్యి
తలెత్తకుండానే పోయేది సరైన అరలోకి.
వంకాయ రంగంటే ఏ వంకాయ?
పొద్దున సంతలో నిగనిగలాడేదా,
రెండు దినాలు బుట్టలో వాడిందా?
నేరేడులో ఎన్ని నేరేళ్ళు,
చిలకపచ్చలో ఎన్ని చిలకలు,
నాకు తెలుసు.
తెలుసనుకుంటి.

పోయిన శ్రావణంలో చాపాడు నుంచి ఒకామె
జాకెట్టు ముక్క వెనక్కి తెచ్చె.
"గంధం అడిగితే గోధుమ ఇస్తివి గదమ్మా."
రెండూ పక్కపక్కన పరిచి చూస్తి.
రెండూ ఒకటే.
ఆ రాత్రి నాకు అన్నం సహించలే.

కంట్లో పొర, అనె డాక్టరు.
ఎన్నేండ్ల నుంచో లోకాన్నంతా
టీ డికాషన్లో ముంచి చూస్తాండావు, అనె.
ఎడమ కన్ను కోసి బాగుచేసిరి.
కుడిదానికి ఇంకా రెండు నెలల గడువు.

కట్టు విప్పి అంగట్లోకి వస్తే
ఎడమ కంటికి తెల్ల తాన్లు
నీలిమందు పెట్టి జాడించినట్టు మెరిసె.
కుడి కంటికి అవే తాన్లు
పాత పెండ్లిపత్రికలు.
ఒక్కో కన్ను మూస్తే ఒక్కో అంగడి.
బాడుగ మాత్రం ఒక్కదానికే.

ఓబులేసు, నా దగ్గర పనిచేసే పిల్లోడు,
ఐటీఐ సగంలో ఆపినోడు,
కొత్త బల్బొకటి తెచ్చి బిగించె.
"అక్కా, ఫోన్లో ఏ ఫోటో చూపిచ్చినా
దాంట్లోంచి ఐదు రంగులు పిండి
గదికంతా పూస్తాది."
గండికోట లోయ పెట్టె, మాపటేళది,
తాన్లన్నీ ఇటుకబట్టీ అయిపాయ.
వాళ్ళ పెద్దమ్మ మిరపకళ్ళం పెట్టె,
అంగట్లో అందరికీ కోపమొచ్చినట్టుండె.
పొద్దుతిరుగుడు చేను పెడితే
అద్దంలో నాకు పచ్చకామెర్లు.
కింద కడప బండ ఒక్కటే
ఎన్ని రంగులు పోసినా తాగేసి
ఏమీ ఎరగనట్టు నల్లగా పండుకొనె.

"నా కుడికన్ను చూసే అంగడిని
ఫోటో తియ్యగలవా?" అంటి.
బిక్కమొగం పెట్టినోడు
ఉన్నట్టుండి పక్క హోటలుకు ఉరికె.
గ్లాసులో పాలు కలపని డికాషన్ తెచ్చి
ట్యూబులైటుకు అడ్డంగా ఎత్తిపట్టి
ఫోటో తీసె.

వెలిగింది బల్బు.
ఇప్పుడు బాగుపడిన కన్నుతోనే చూస్తి
బాగులేని కన్ను చూసేదంతా.
ఫోన్లో వరసగా ఐదు చుక్కలు, పేర్లు లేవు.
నేను పెడితి:
బెల్లంపాకం, తేనె, ఉల్లిపొట్టు, తుప్పు,
కడాది చాపాడామె గోధుమ.
ఆ వెలుతురులో గంధం తానూ గోధుమ తానూ
మళ్ళా కవలపిల్లలు.

ఇట్ల ఎంతమందికి కోసిస్తినో.
ఎన్ని పెండ్లిపందిళ్ళలో
నా తప్పును భుజాన వేసుకొని తిరిగినారో,
ఫోటోలు దిగినారో,
ఎవరూ వెనక్కి రాలే.
వాళ్ళకు తెలియకనా,
నా మొగం చూసి ఊరుకున్నారా?

"అక్కా, ఆర్పేద్దునా?" అనె వాడు.
ఉండనీలే కాసేపు, అంటి.

అప్పుడే ఒక పిల్ల వచ్చె, చేతిలో ధర్మవరం చీర.
"ఉల్లిపొట్టు కావాల, జాకెట్టుకు."
లైటు తీసేయ్‌రా, అని
తాను చంకన పెట్టుకొని వీధిలోకి దిగితి.
ఎండ కాలువలాగ పారతాండె.
ఎడమ కన్ను మూసి చూస్తి.
కుడి కన్ను మూసి చూస్తి.
రెండూ తెరిచి,
ఇరవై రెండేండ్లలో ఎవరినీ అడగని మాట
ఆ పిల్లను అడిగితి:

"నీ కంటికి ఎట్లుందమ్మా,
మొదట నువ్వు చెప్పు."